డి విటమిన్ తక్కువగా ఉంటే వైరల్ జ్వరాలు ముదురుతాయా? సాచెట్లు వేసుకుంటే ఆగుతాయా?

గోదారిగట్టు:
మా అమ్మకు 63 ఏళ్లు. పోయిన నెల వైరల్ జ్వరంతో మొదలై నిమోనియా దాకా వెళ్లింది, ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు ఇంటికి వచ్చేసింది, కోలుకుంటోంది. చేరిన రోజు తీసిన రక్తంలో డి విటమిన్ 9 (మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో) వచ్చింది. "ఇది ఇంత తక్కువగా ఉండబట్టే జబ్బు ముదిరింది" అని చెప్పి, వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు 60,000 యూనిట్ల సాచెట్లు రాశారు. మా బావ మెడికల్ రెప్, ఆయన ఇంటిల్లిపాదినీ వేసుకోమంటున్నాడు. పిన్ని కూతురు పీజీ చేస్తోంది, అది అనవసరం అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి, నాకు నిజంగానే టెన్షన్‌గా ఉంది.

తులసికోట:
సంబంధం ఉందనే నేను గట్టిగా నమ్ముతాను. మన రక్షణ కణాలు క్రిమిని పసిగట్టాక, డి విటమిన్‌ను వాడుకుని కేథలిసిడిన్ అనే ప్రొటీన్ తయారుచేసుకుంటాయి. క్రిములను చంపేది అదే. డి తక్కువున్నవాళ్ల రక్తంలో ఈ పని సరిగా జరగదని క్షయ క్రిమి మీద చేసిన పరిశోధనలో 2006లోనే తేలింది.

సరే, అది ల్యాబ్‌లో మాట అంటారు. మనుషుల మీద చేసిన ట్రయల్స్ చూడండి. మంగోలియాలో స్కూలు పిల్లలకు చలికాలంలో రోజూ 300 యూనిట్లు కలిపిన పాలు ఇచ్చారు. ఆ పిల్లల స్థాయి మొదట్లో 7 దగ్గర ఉంది, అంటే మీ అమ్మగారికన్నా తక్కువ. మామూలు పాలు తాగిన పిల్లలతో పోలిస్తే వీళ్లకు జలుబులు, దగ్గులు దాదాపు సగమే వచ్చాయి. జపాన్‌లో 2010లో రోజుకు 1,200 యూనిట్లు వేసుకున్న పిల్లల్లో ఇన్‌ఫ్లుయెంజా ఎ 10.8 శాతం మందికి వస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 18.6 శాతం మందికి వచ్చింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 25 ట్రయల్స్, దాదాపు 11,000 మంది వివరాలు కలిపి చూశారు. అందులో అందరికన్నా ఎక్కువ మేలు జరిగింది ఎవరికంటే, స్థాయి 10 లోపు ఉండి, రోజూ గానీ వారం వారం గానీ చిన్న మోతాదులు తీసుకున్నవాళ్లకు.

కొండపల్లి_బొమ్మ:
తులసికోట గారూ, అదే బృందం 2025లో మళ్లీ లెక్క వేసింది, దాన్ని ఎందుకు వదిలేశారు? ఈసారి 46 ట్రయల్స్, 64,000 మందికి పైగా. మేలు చాలా చిన్నది, అదీ గణాంకాల ప్రకారం ఖాయంగా చెప్పలేనంతగా తేలింది. స్థాయి తక్కువున్నవాళ్లకు ఎక్కువ మేలు అన్న తేడా కూడా అందులో కనబడలేదు.

ఇక గోదారిగట్టు గారు అడిగిన అసలు ప్రశ్న, జబ్బు ముదరడం గురించి. బ్రెజిల్‌లో కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరిన 240 మందిలో సగం మందికి ఒకేసారి 2,00,000 యూనిట్లు, మిగతా సగానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. రెండు గుంపులూ సగటున ఏడు రోజులే ఉన్నాయి, ఒక్క రోజు కూడా తేడా లేదు. అమెరికాలో ఐసీయూ అవసరమైన రోగులకు, డి తక్కువున్నవాళ్లనే ఏరి, 5,40,000 యూనిట్లు ఇచ్చినా 90 రోజుల్లో మరణాలు తగ్గలేదు. డి లేకపోవడమే కారణమైతే, డి ఇస్తే కొంతైనా తగ్గాలి కదా?

తులసికోట:
తగ్గాలి, కానీ ఎప్పుడు ఇచ్చారో కూడా చూడాలి. జబ్బు ముదిరి ఆస్పత్రిలో పడ్డాక ఒక్కసారిగా పోస్తే ఏం లాభం? నేను చెప్పేది ముందునుంచీ సరిపడా ఉంచుకోవడం గురించి. నార్వేలో కాడ్ లివర్ ఆయిల్ (డి ఉండే చేప కాలేయపు నూనె) ఇచ్చి ఫలితం లేదన్నారు, అక్కడ చేరినవాళ్లలో చాలామందికి ముందే సరిపడా డి ఉంది. నిండిన కడవలో ఇంకో చెంబు పోసి ఏం మారలేదంటే ఎలా?

కొండపల్లి_బొమ్మ:
బ్రిటన్‌లో 2022లో వచ్చిన కరోనావిట్ ట్రయల్ మరి? 6,200 మంది. పరీక్ష చేసి, 30 కన్నా తక్కువున్నవాళ్లకే రోజూ 800 లేదా 3,200 యూనిట్లు ఆరు నెలలు ఇచ్చారు. మీరడిగిన పద్ధతే. ఇన్‌ఫెక్షన్లూ తగ్గలేదు, కోవిడ్‌ తగ్గలేదు.

తులసికోట:
ఆ ట్రయల్‌లో ఎవరు ఏం వేసుకుంటున్నారో అందరికీ తెలుసు. మాత్రలు ఇవ్వని గుంపులో కూడా చాలామంది సొంతంగా కొనుక్కుని వేసుకున్నారు. మధ్యలో వ్యాక్సిన్లు కూడా వచ్చాయి. తేడా కనబడకపోవడానికి అవి చాలు.

కొండపల్లి_బొమ్మ:
అది న్యాయమైన అభ్యంతరమే. కానీ అదే గీటురాయి అనుకూలంగా వచ్చినవాటికీ పెట్టండి. చండీగఢ్ పీజీఐ ఆస్పత్రిలో రోజుకు 60,000 యూనిట్ల చొప్పున ఏడు రోజులు ఇస్తే వైరస్ త్వరగా పోయిందని 2020లో వాట్సాప్ నిండా తిరిగింది. అందులో ఉన్నది 40 మంది, అదీ లక్షణాలు లేనివాళ్లు, స్వల్పంగా ఉన్నవాళ్లు. అది జబ్బు ముదరడం గురించి ఏం చెబుతుంది?

ల్యాబ్_అక్క:
నేను డయాగ్నస్టిక్ సెంటర్‌లో పనిచేస్తాను. మీ వాదన మధ్యలో ఒక్క సంగతి. గోదారిగట్టు తమ్ముడూ, ఆ డి పరీక్ష చేసిన రోజే సీఆర్పీ (ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) కూడా చేసి ఉంటారు, ఎంత ఉందో చూసి చెప్పు. ఒంట్లో వాపు ఎక్కువున్నప్పుడు రక్తంలో డి దానంతట అదే పడిపోతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ముందూ వెనకా కొలిచి చూపించారు, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోనే బాగా తగ్గింది. వాళ్లకేం హఠాత్తుగా ఎండ తగలడం మానలేదు. జ్వరం ముదిరిన రోజు తీసిన 9ని చూసి, ముందునుంచీ 9 ఉంది, అందుకే ముదిరింది అనడానికి లేదు. పాత రిపోర్టు ఉంటే అది అసలు సంగతి చెబుతుంది.

గోదారిగట్టు:
అక్కా, ఫైలు తీసి చూశాను. అదే కాగితం మీద, డి కన్నా నాలుగు వరసలు పైన, సీఆర్పీ 112 అని ఉంది, మామూలుగా 5 లోపు ఉండాలట. పోయిన ఏడాది హెల్త్ ప్యాకేజీ రిపోర్టు కూడా దొరికింది. అందులో డి 17.

తులసికోట:
17 అయినా తక్కువే కదండీ.

కొండపల్లి_బొమ్మ:
తక్కువే, కాదనను. కానీ 2007లో అచ్చయిన తిరుపతి ప్రాంతపు అధ్యయనం చూడండి. 20 కన్నా తక్కువున్నవాళ్లు పట్నపు ఆడవాళ్లలో 75 శాతం, పల్లె ఆడవాళ్లలో 70 శాతం. ఎండ మండిపోయే ఊళ్లోనే ఇలా ఉంటే, 17 అన్నది మన దగ్గర మామూలు సంగతి. ఆ నలుగురిలో ముగ్గురూ ఫ్లూ వస్తే ఆక్సిజన్ దాకా వెళ్లట్లేదు. 63 ఏళ్ల వయసు, షుగర్ ఉంటే షుగర్, వీటి పాత్ర ముందు చూడాలి. లావుగా ఉన్నవాళ్లకు, ఇంట్లోంచి కదలలేని వాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు డి తక్కువ ఉంటుంది, వాళ్లకే ఫ్లూ కూడా ముదురుతుంది. రెండూ పక్కపక్కన కనబడినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు.

తులసికోట:
మన దగ్గర మామూలు అయినంత మాత్రాన మంచిదైపోదు! నాకు బాధ కలిగేది ఇక్కడే. లోపం అందరికీ ఉంది కాబట్టి పట్టించుకోనక్కర్లేదా? కనీసం ఎముకల కోసమైనా 17ని సరిచేయాలి. 2024 ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) మార్గదర్శకాల్లో కూడా పిల్లలకు రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) రాకుండా డి ఇవ్వాలంటూ, శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు తగ్గే అవకాశం ఉందని కలిపే రాశారు.

కొండపల్లి_బొమ్మ:
అవును, పిల్లలకు రాశారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఊరికే డి పరీక్షలు చేయొద్దని కూడా అందులోనే ఉంది. ఎముకల కోసం ఇవ్వడంలో నాకు గొడవ లేదు. నిమోనియా రాకుండా అడ్డుకుంటుందని భరోసా ఇవ్వడం దగ్గరే నా అభ్యంతరం. ఆ భరోసాతో జనం ఫ్లూ టీకా వాయిదా వేస్తారు.

ల్యాబ్_అక్క:
ఇంకొకటి. ఇంటిల్లిపాదీ పరీక్ష లేకుండా వారం వారం 60,000 మొదలుపెట్టకండి. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పరు, నెలల తరబడి మింగుతూనే ఉంటారు. పైగా 6,00,000 యూనిట్ల ఇంజెక్షన్లు కూడా వేయించుకుంటారు. కాల్షియం పెరిగిపోయి వాంతులు, మలబద్ధకం, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. మామూలు పెద్దవాళ్లకు ఐసీఎంఆర్ చెప్పేది రోజుకు 600 యూనిట్లు.

గోదారిగట్టు:
అమ్మకు ఎనిమిది వారాలు పూర్తిచేసి ఆపేస్తాం. తర్వాత సీఆర్పీ మామూలుగా ఉన్నప్పుడు మళ్లీ డి, దాంతోపాటు కాల్షియం చూపిస్తాం. ఫ్లూ, న్యుమోకోకల్ (నిమోనియా) టీకాల గురించి డాక్టరును ఈ వారమే అడుగుతాను. బావకు వద్దని చెప్పేశాను.

తులసికోట:
గోదారిగట్టు గారూ, మీ నాన్నగారు రాత్రి డ్యూటీలు చేస్తారని వేరే చోట రాశారు కదా. ఆయనకు ఎండ పొడే తగలదు. ఆయనకు మాత్రం పరీక్ష చేయించండి, తక్కువుంటే డాక్టరును అడిగి రోజువారీ చిన్న మోతాదు మొదలుపెట్టండి. తిరుపతిలో కొలిచినప్పుడు చర్మంలో డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 మధ్యే అని తేలింది. పొద్దున ఏడింటి నడక వల్ల అది రాదు.