పోటీదారుల వెబ్‌సైట్లు చూసి మనది దిద్దుకోవచ్చా?

పూతరేకుల అంగడి, ఆత్రేయపురం:
మా సైటు గూగుల్‌లో రెండో పేజీలో ఉంది. పైకి తేవడానికి ఒకాయనను పెట్టుకుంటే, ముందుగా తోటి దుకాణాల సైట్లన్నీ తిరగేయాలన్నారు. ఇరుగుపొరుగు వంటింట్లోకి తొంగిచూడటం వ్యాపారమా?

కడియం నర్సరీ:
వెబ్‌సైటు వంటిల్లు కాదండీ, వీధిలోకి తెరిచిన అంగడి. నేను పన్నెండు నర్సరీల సైట్లు కూర్చుని చదివాను. నా పేజీల్లో మొక్కలకు శాస్త్రీయ నామాలే ఉండేవి. కొనేవాళ్లు వెతికేది "కుండీలో పెరిగే నిమ్మ" అని, "నీడలో బతికే మొక్కలు" అని. పైనున్నవాళ్ల శీర్షికలు చూశాకే అది నాకు తెలిసింది. తోటల గురించి రాసేవాళ్లు తమ పేజీల్లో ఆ పైనున్నవాళ్ల సైట్లకు లింకులిచ్చారు, గూగుల్‌లో పైకి రావడానికి అవీ తోడ్పడతాయి. నాకూ ఇవ్వమని నేను వాళ్లకు ఉత్తరాలు రాశాను. ఇందులో ఎవరి సొమ్ము పోయింది?

అమలాపురం వాసి:
చూడటం తప్పు కాదు, ఎత్తిరాయడం తప్పు.

పూతరేకుల అంగడి:
ఆ తేడా నాకు చెప్పకండి. మా అమ్మ చెబుతుంటే రాసిన పేజీ ఒకటుంది. పలుచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ మీద లాగి రేకు తీయడం, కింద మంట ఎంత ఉండాలో, అన్నీ రాశాను. ఒక దుకాణం దాన్ని అక్షరం మార్చకుండా పెట్టుకుంది, నా అచ్చుతప్పుతో సహా. ఇప్పుడు అది నాకంటే పైన ఉంది. అందుకే నా కీవర్డ్స్ ట్యాగు, అంటే కొనేవాళ్లు వెతికే మాటలను పేజీ వెనక కోడులో రాసిపెట్టే చోటు, ఎవరికీ కనబడకుండా దాచమంటున్నాను.

కడియం నర్సరీ:
దాచి లాభం లేదు. ర్యాంకుకు ఆ ట్యాగును లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

పూతరేకుల అంగడి:
మరి అందరూ ఎందుకు పెడుతున్నారు?

కడియం నర్సరీ:
ఒకరిని చూసి ఒకరు. కారణం తెలుసుకోకుండా అనుకరిస్తే అంతే. ర్యాంకు కోసం లింకులు కొన్న సైట్లెన్నో 2012లో గూగుల్ తన ర్యాంకు లెక్కలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పుతో కింద పడ్డాయి. వాటిని చూసి కొన్నవాళ్లూ పడ్డారు.

రావులపాలెం:
ఇద్దరూ ట్యాగు దగ్గరే ఆగిపోయారు. ఎత్తిరాసిన పేజీని ఫలితాల నుంచి తీయించడానికి గూగుల్‌కు కాపీరైటు ఫిర్యాదు పెట్టవచ్చు.

పూతరేకుల అంగడి:
నా బాధ ట్యాగూ కాదు, పేజీ కూడా కాదు! మీ మొక్కలకు ఊరి పేరు అక్కర్లేదు, మాకు అదే ప్రాణం. ఆ దుకాణం గోదావరి జిల్లాల్లోనే లేదు. మా అందరి సైట్లూ చదివి, "ఆత్రేయపురం" అంటేనే కొంటారని తెలుసుకుని, ఆ పేరు తన శీర్షికలో పెట్టుకుంది. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు మా ఊరి సరుకుదేనన్న నమోదు, వచ్చింది. పొద్దున్నుంచీ పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లకు దాని వల్ల ఏం వచ్చింది?

కడియం నర్సరీ:
మాకు ఊరి పేరు అక్కర్లేదని ఎలా అన్నారు? ఎక్కడెక్కడి మొక్కలనో కడియం మొక్కలని అమ్ముతుంటే చూస్తూనే ఉన్నాను. ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు. భౌగోళిక గుర్తింపుల మీద వచ్చిన 1999 నాటి చట్టం ప్రకారం ఆ పేరు వాడుకునే హక్కు నమోదైనవారికే ఉంది. అయితే ఎవరు వాడుతున్నారో తెలియాలంటే వాళ్ల సైట్లు చదవక తప్పదు. ఆ దొంగను మీరు పట్టుకున్నదీ అలాగే కదా?

పూతరేకుల అంగడి:
పట్టుకున్నది మా మేనకోడలు, ఫోనులో. సరే, మా ఊరి పేరు పెట్టుకున్న దుకాణాల జాబితా ముందు రాసివ్వమని ఆయనకు చెబుతాను. శీర్షికల సంగతి ఆ తరువాత.