97 ప్రధాన సంఖ్యో కాదో భాగించి చూసేటప్పుడు 7 దగ్గరే ఎందుకు ఆగాలి? పిల్లకి ఎలా చెప్పాలి?
మా అమ్మాయి ఆరో తరగతి. 1 నుంచి 100 వరకు గళ్లలో రాసి, 1ని పక్కన పెట్టి, ఎరటోస్తనీస్ జల్లెడ పద్ధతిలో 2, 3, 5, 7లను ఉంచి వాటి మిగతా గుణిజాలు కొట్టేశాం. సరిగ్గా 25 ప్రధాన సంఖ్యలు మిగిలాయి. అప్పుడు అడిగింది, "మరి 11 గుణిజాలు కొట్టక్కర్లేదా?" అని. అక్కడ దొరికిపోయాను.

22, 33 నుంచి 99 దాకా అన్నీ అప్పటికే కొట్టేసి ఉన్నాయని చూపించాను. "ఇక్కడ కుదిరింది సరే, ఎప్పుడూ కుదురుతుందా?" అంది. న్యాయమైన ప్రశ్నే! 36ని 2×18, 3×12, 4×9, 6×6 అని జతలుగా రాసి, ఆ తర్వాత 9×4 అంటూ అవే తిరగబడి వస్తాయన్నాను. ఒప్పుకుంది. కానీ 97కి 1×97 తప్ప వేరే జతే లేదు, ఇక దేన్ని తిప్పి చూపించను? పైగా 91ని ఓసారి ప్రధాన సంఖ్య అనుకుని పొరబడింది. అది 7×13 అని తెలిశాక, 13తో కూడా భాగించి చూడాల్సిందేనని ఒకటే పట్టు. వర్గమూలం తనకింకా తెలియదు, x, y అంటే పుస్తకం మూసేస్తుంది.

వర్గమూలం, బీజగణితం లేకుండా, 97కి 7 దాటి చూడక్కర్లేదని తనకు నమ్మకం కలిగేలా ఎలా చెప్పాలి?