అప్‌డేట్: తాతగారి దుప్పి తల మూతి బాగుపడింది

మా తాతగారి కాలం నాటి, చర్మంతో భద్రపరిచి గోడకి తగిలించే దుప్పి తలకి (ట్యాక్సిడెర్మీ) పెదవులు ఎండి సందు పడింది, ఎలా పూడ్చాలని అడిగాను కదా. (1972 వన్యప్రాణి చట్టం కింద యాజమాన్య పత్రం ఉందండీ.) ఇలాంటి పాతవాటిలో పురుగు పట్టకుండా వాడిన ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు కాబట్టి గ్లౌజులు, మాస్కు వేసుకున్నాకే పని మొదలుపెట్టాను. కోఠీలో కొన్న ఎపాక్సీ పుట్టీని (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) కలిపి, సన్నటి తాడులా చేసి సందులోకి నొక్కి, తడి బ్రష్‌తో వెంట్రుకల అంచుదాకా నున్నగా సర్దాను. గట్టిపడకముందే పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తడితే అచ్చం చర్మపు గరుకే వచ్చింది! అది చూసి ఎంత సంతోషమేసిందో. ఆరాక నలుపులో కాస్త గోధుమరంగు కలిపి పల్చటి యాక్రిలిక్ పూతలు వేశాను. మెరుపు వార్నిష్ పెదవి గీతకీ ముక్కుకీ మాత్రమే. మూతంతా మెరిస్తే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. ముక్కుపుటాల లోపల ఇంకా మిగిలింది. ఈ వానలకి పూత సరిగ్గా ఆరడం లేదు, తగ్గాక చేస్తాను.