అరవకపోతే నొప్పి లేనట్టేనా? మా పొమేరేనియన్ కుక్క మీద ఇంట్లో రోజూ గొడవ

బన్నీవాళ్ళమ్మ:
మా బన్నీకి ఏడేళ్ళు, 4 కిలోలు. పది రోజులుగా సోఫా ఎక్కడం మానేశాడు. నడుస్తూ నడుస్తూ వెనక కుడికాలు ఎత్తి రెండు గంతులేస్తాడు, మళ్ళీ మామూలే. అన్నం తింటున్నాడు, కుయ్యిమనడు. "నొప్పుంటే అరవడా? అన్నీ వేషాలు" అంటారు మా అత్తయ్యగారు. మావారేమో డోలో 650 సగం పెరుగన్నంలో కలిపి పెడదామంటారు. నాకు డాక్టరుకి చూపించాలనుంది. ఎవరిది రైటు?

డాబామీదదాసు:
అత్తయ్యగారి మాట మరీ తీసిపారేయకండి. మా టామీకి ముల్లు గుచ్చుకుంటే ఇంటిల్లిపాదీ ఎత్తుకుని తిరిగాం. ముల్లు తీసిన నెలకి కూడా మమ్మల్ని చూస్తే చాలు, కుంటేవాడు. గేటు దగ్గర పిల్లి కనపడితే కాలు దానంతటదే బాగయ్యేది! క్లినిక్ గడప తొక్కగానే వణికిపోయే ప్రాణిని ఊరికే తిప్పడం కూడా హింసేనండీ. ఓ వారం చూడండి.

కాజీపేట్‌కుర్రాడు:
అన్నా, ఆ "వారం చూద్దాం" అన్నకాడ్నే మేం మునిగినం. మాది డాక్సుండ్. వణుకుతుంటే చలి అనుకొని స్వెటర్ తొడిగినం. ఎత్తుకోబోతే గుర్రుమన్నది, అలిగిందనుకున్నం. మూడోరోజు పొద్దున వెనక కాళ్ళు ఈడ్చుకుంట వచ్చింది. వెన్నులో డిస్క్ జారిందట. ఆపరేషన్ అయినంక నడుస్తున్నది గాని ఒంటేలు ఆపుకోలేకపోతున్నది. ఒక్కసారి గూడ అరవలే.

సూదిమందు:
పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. దాసుగారూ, పిల్లి వెంట పరిగెత్తాడంటే నొప్పి లేదని కాదు, ఆ ఊపులో తెలీదు. ఇంట్లో కుంటే కుక్క మా టేబుల్ దగ్గర చక్కగా నిలబడేది కూడా అందుకే. కాబట్టి అక్కా, ఆ గంతులు ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్ళండి.

చిన్న జాతుల్లో మోకాలిచిప్ప గాడి తప్పడం మామూలే. కాలు చాపితే మళ్ళీ కూర్చుంటుంది. అందుకే రెండు గంతుల తర్వాత ఏమీ జరగనట్టు నడుస్తాడు. నా అనుమానమంతా సోఫా దగ్గరే. నిన్నటిదాకా ఎక్కినవాడు మానేశాడంటే కారణం ఉంటుంది. నొప్పిని లెక్కగట్టే గ్లాస్గో పట్టికలో మూలుగు ఆరింట్లో ఒకటి మాత్రమే. మిగతావి నడక, ముట్టుకుంటే ఏం చేస్తుంది, నొప్పిచోటు నాకడం, కూర్చునే తీరు, హుషారు.

డోలో మాత్రం వద్దు. 4 కిలోలకి 325 మిల్లీగ్రాములంటే కిలోకి 80 పైనే. 65 కిలోల బావగారు అదే లెక్కన ఒకేసారి ఎనిమిది మాత్రలు మింగాలి. కాలేయం దెబ్బతినొచ్చు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా ఘోరం, పేగులు పుండ్లు పడి కిడ్నీలు పోతాయి. చూపించేదాకా మెట్లు, గెంతులు ఆపండి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి వెనక. కాళ్ళు ఈడిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

డాబామీదదాసు:
మాత్రల లెక్క ఒప్పుకున్నాను. టామీగాడిది మాత్రం ముమ్మాటికీ నటనే, పోయాడు కాబట్టి సరిపోయింది.

బన్నీవాళ్ళమ్మ:
డోలో తీసి బీరువాలో దాచేశాను. వీడియో కోసం రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటే అత్తయ్యగారే పిలిచి చూపించారు. కుడి మోకాలి దగ్గర తెల్లబొచ్చు నాకీ నాకీ తుప్పురంగుకి తిరిగింది. "ఎన్నాళ్ళనుంచి నాకుతున్నాడో పిచ్చి వెధవ" అన్నారు. రేపు పదింటికి ఆవిడా వస్తారట.