అలల ఒడ్డున గాలానికి ఏ రీలు? సైజు, సీలు, డ్రాగ్

ప్రశ్న: తీరంగాలం

రాడ్ 12 అడుగులది, 80 నుంచి 150 గ్రాముల సీసపు బరువు విసరొచ్చు. దానికి స్పిన్నింగ్ రీలు చూస్తున్నాను. ఎక్కువగా ఒడ్డు మీద నుంచే వేస్తాను, ఒక్కోసారి నడుం లోతు నీళ్లలోకి దిగాల్సి వస్తుంది. 4000, 6000, 8000 అని సైజులు చెబుతున్నారు. ఒకదాంట్లో 5 బేరింగులుంటే ఇంకోదాంట్లో 10. ఒకదాని డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) 12 కేజీలు, ఇంకోదానిది 20. వీటిలో నిజంగా చూడాల్సినవి ఏవి? నీళ్లు లోపలికి పోకుండా సీల్ చేసిన రీలు తప్పదా? బ్రెయిడ్ (అల్లిన దారం) మేలా, మోనో (ఒంటిపోగు దారం) మేలా?

జవాబు: ఉప్పుగాలి

నంబరు చూసి కొనకండి. ఒక కంపెనీ 6500 అన్నదీ ఇంకో కంపెనీ 8000 అన్నదీ దాదాపు ఒకే సైజు ఉండొచ్చు. దారం చుట్టుకునే స్పూలు మీద దారం మందం, పొడవు రాసి ఉంటాయి, అవి చూడండి. మీ రాడ్‌కి 0.35 మి.మీ. మోనో 250 మీటర్లు పట్టే స్పూలు సరిపోతుంది. దాని మీద 0.28 మి.మీ. బ్రెయిడ్ దాదాపు 390 మీటర్లు పడుతుంది. లెక్క తేలికే: మందాన్ని మందంతో గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణిస్తే రెండు వైపులా సమానం రావాలి.

తర్వాత చూడాల్సింది స్పూలు వెడల్పు. స్పూలు పెద్దదైతే చుట్టలు పెద్దవిగా, వదులుగా జారుతాయి, అంచుకు రాపిడి తగ్గుతుంది, సీసం దూరం పోతుంది. 12 అడుగుల రాడ్‌కి 4000 రీలు పెడితే రెండు ఇబ్బందులు. దూరం తగ్గుతుంది, బరువంతా ముందుకు పోయి మణికట్టు లాగేస్తుంది. 500 నుంచి 650 గ్రాముల రీలు అయితే ఆ రాడ్ చేతిలో నిలకడగా ఉంటుంది.

డ్రాగ్ 20 కేజీలు అన్నది మీ పనిలో అక్కరకు రాదు. దారం తెగే బలంలో నాలుగో వంతుకు డ్రాగ్ పెట్టుకోవడం పద్ధతి. 30 పౌండ్ల దారం అంటే 13.6 కేజీలు, అంటే డ్రాగ్ 3.4 కేజీలు. స్ప్రింగ్ తూకానికి దారం కట్టి, రీలు నుంచి నేరుగా లాగి చూడండి. ముఖ్యం ఆ 3.4 దగ్గర డ్రాగ్ ఎంత మెత్తగా కదులుతుందనేది. కదలడానికి ముందు ఒక్క క్షణం పట్టేసి, ఆనక జర్రున జారే డ్రాగ్ అయితే చేప మొదటి పరుగులోనే దారం తెగుతుంది.

బేరింగుల లెక్క వదిలేయండి. ఉప్పునీళ్లలో ముందు పోయేది ఒకే ఒక్కటి, బెయిల్ (దారాన్ని స్పూలు మీదికి మళ్లించే తీగ) చివర ఉండే లైన్ రోలర్‌ది. అది బిగుసుకుంటే రోలర్ తిరగదు, దారం దాని మీద రాసుకుంటూ పోతుంది. మోనో అయితే మెలికలు పడుతుంది, బ్రెయిడ్ అయితే రోలర్ మీద గాడి కోసి, ఆ గాడిలో తానే చీలిపోతుంది. కొనేటప్పుడు దారాన్ని రోలర్ మీదుగా వేసి కాస్త బిగువుగా లాగి చూడండి, రోలర్ తిరగాలి.

రీలు తిప్పే పిడి అడ్డంగా ఊగకూడదు. మడిచే పిడి కంటే ఇరుసులోకి మర బిగించే పిడి గట్టిది. బాడీ లోహానిదైతే మంచిది. ప్లాస్టిక్ బాడీ బరువు లాగేటప్పుడు కొద్దిగా వంగుతుంది, పళ్లచక్రాలు పక్కకు జరిగి అరుగుతాయి.

జవాబు: నీలితెర

పై మాటలన్నీ సరే. సీలు గురించి ఒక్క విషయం. పెన్ కంపెనీ రీళ్లలో స్లామర్ 4కి ఐపీఎక్స్6, స్పిన్‌ఫిషర్ 6కి ఐపీఎక్స్5 అని నీటిని ఆపే గ్రేడు ఉంటుంది. ఈ రెండు గ్రేడులూ గొట్టం నుంచి చిమ్మే నీళ్లకు సంబంధించినవి. నీళ్లలో ముంచడానికి పెట్టిన గ్రేడు 7 నుంచి మొదలవుతుంది. కాబట్టి అల వచ్చి తడిపితే పరవాలేదు. అంతేగానీ సీలు ఉంది కదా అని రీలును నీళ్లలో ముంచి పట్టుకోకండి.

నడుం లోతుకు దిగే మాట నిజమైతే సీలు ఉన్నదే తీసుకోండి. ఒడ్డు మీదే ఉండేటట్టయితే మామూలు రీలు తీసుకుని, ఏడాదికోసారి విప్పి గ్రీజు మార్చుకోవడం నా దృష్టిలో మేలు. సీలు రబ్బరు వల్ల పిడి కాస్త బరువుగా తిరుగుతుంది, ఇంట్లో విప్పడం కష్టం. పైగా ఆ రబ్బరు ఎండిపోయాక నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు.

విప్పినప్పుడు ఒక జాగ్రత్త. పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్‌కి గ్రీజు తగలనివ్వకండి. తగిలిందా, చేప లాగినప్పుడు పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్లకు కొడుతుంది. దానికి పల్చటి నూనె ఒక్క చుక్క చాలు.

తీరంగాలం

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బ్రెయిడ్ వేస్తే విసిరినప్పుడు కుచ్చులా ముడిపడి వస్తుందని విన్నాను. అది రీలు లోపమా?

జవాబు: ఉప్పుగాలి

చాలావరకు కాదండీ. సీసం నీళ్లలో పడ్డాక పిడి తిప్పి బెయిల్ మూస్తే మొదటి చుట్ట వదులుగా పడుతుంది. దాని మీద బిగువు చుట్టలు ఎక్కుతాయి. మళ్లీ విసిరినప్పుడు పైచుట్టలు ఆ వదులు చుట్టను కూడా లాక్కుని వస్తాయి, అదే మీరన్న కుచ్చు. బెయిల్ చేత్తో మూసి, రోలర్ దగ్గర దారం పట్టుకుని బిగువు వచ్చేదాకా లాగి, అప్పుడు చుట్టండి. ఈ ఒక్క అలవాటుతో సగానికి సగం ముడులు పోతాయి.

మిగతా సగం స్పూలు నింపడంలో ఉంది. అంచుకు 2 మి.మీ. కిందనే ఆపండి. అంచు దాకా నింపితే చుట్టలు వాటంతట అవే జారుతాయి. అడుగున 15, 20 చుట్లయినా మోనో వేయాలి. నున్నటి స్పూలు మీద వట్టి బ్రెయిడ్ పట్టు చిక్కక మొత్తం చుట్ట గిర్రున తిరుగుతుంది, మీరేమో డ్రాగ్ పాడైందనుకుంటారు. 300 మీటర్ల బ్రెయిడే ఉంటే ముందు దాన్ని ఖాళీ స్పూలు మీద చుట్టి, దాని మీద మోనో నింపి, ఆ తర్వాత తలకిందులుగా మార్చుకోండి. కొలత తప్పదు.

జవాబు: నీలితెర

షాక్ లీడర్ (విసురు దెబ్బ తట్టుకోవడానికి దారం చివర కట్టే గట్టి దారం) మరిచిపోకండి. ప్రతి ఔన్సు సీసానికి, అంటే 28 గ్రాములకు, 10 పౌండ్ల లీడర్ అని లెక్క. 150 గ్రాములకు 55 పౌండ్లు. స్పూలు మీద 6 చుట్లు, రాడ్ పొడవునా, కింద వేలాడే రెండు మీటర్లు కలిపితే మీ రాడ్‌కి దాదాపు 7 మీటర్లు. ఇది లేకుండా బలంగా విసిరితే సీసం తెగి మనుషుల మీదికి పోతుంది. విసిరే ముందు డ్రాగ్ పూర్తిగా బిగించండి, లేదంటే దారం జారి వేలు కోస్తుంది. సీసం పడగానే మళ్లీ 3.4 కేజీలకు వదులు చేయండి.

కడిగేటప్పుడు డ్రాగ్ బిగించి మంచినీళ్లు సన్నగా పోయండి. ఎండలో కాలిన రీలును చన్నీళ్ల బకెట్లో ముంచకండి. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. నీడలో చల్లారనిచ్చి కడిగి, పిడి పది సార్లు తిప్పి నీళ్లు విదిలించి ఆరబెట్టండి. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి, వాషర్లు అణిగిపోకుండా ఉంటాయి. లైన్ రోలర్‌కి ఓ చుక్క నూనె వేయండి.