పాత కారుకి చెక్ ఇంజిన్ లైట్ వస్తే ముందు పార్టులు మార్చాలా, టెస్టులు చేయించాలా?

పాతబండోడు:
అన్నలూ ఒక డౌటు. పెట్రోల్ బండి, మల్టీపాయింట్ ఇంజెక్షన్, రెండు లక్షల కిలోమీటర్లు దాటేసింది. ఐడ్లింగ్ నిలకడగా ఉండట్లా, ఆర్పీఎం ముల్లు 600కీ 1100కీ మధ్య ఊగుతుంటది, సిగ్నల్ దగ్గర ఒక్కోసారి ఆగిపోతది కూడా, కానీ స్పీడ్ మీద బానే లాగుతది. స్కానర్ పెడితే పి0171 వచ్చింది, అంటే లీన్ అంట, పెట్రోల్ తక్కువ గాలి ఎక్కువ. మెకానిక్ ఏమో ఆక్సిజన్ సెన్సర్, మాఫ్ సెన్సర్ (లోపలికెళ్ళే గాలిని కొలిచేది), ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిల్స్ అన్నిటికీ వయసైపోయింది, ఒకేసారి మార్చేద్దాం అంటాడు. మా తమ్ముడు ఒక్కటి కూడా మార్చొద్దు ముందు టెస్టులు చేయించు అంటాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీరేమంటారు?

గ్రీజుచేతులు:
తమ్ముడి మాట విను. పి0171లో ఆక్సిజన్ సెన్సర్ పోయిందని ఎక్కడుంది? సైలెన్సర్ వైపు ఆక్సిజన్ ఎక్కువ వస్తోందని ఆ సెన్సర్ చెప్తే, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, పెట్రోల్ పెంచుకుంటూ పోయి ఇక నా వల్ల కాదని లైట్ వేసింది, అంతే. సెన్సర్ దాని పని అది చేసింది, దాన్నే పీకి పారేస్తే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.
లైవ్ డేటాలో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత శాతం పెంచిందో తగ్గించిందో చెప్పే నంబర్లు) రెండూ కలిపి చూడు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి. ఐడ్లింగ్‌లో బాగా ప్లస్ ఉండి రేస్ చేస్తే సున్నా వైపు దిగిందా, ఎక్కడో గాలి లీకవుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కొంచెం గాలి కదా, అందులో చిన్న కన్నం వాటా పెద్దగా కనిపిస్తది, రేస్ చేస్తే ఆ వాటా లెక్కలోకి రాదు. అలా కాక లోడ్ మీద ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలట్లేదు, పంపు, ఫిల్టర్, మురికి పట్టిన మాఫ్, వాటి వైపు వెళ్ళాలి.

మార్చిపారేయ్:
చెప్పడానికి బాగుంది. కానీ రెండు లక్షలు తిరిగిన బండిలో ఒక్క రోగమే ఎప్పుడూ ఉండదు బ్రో. రబ్బరు గట్టిపడి ఉంటది, ప్లగ్గుల గ్యాప్ పెరిగి ఉంటది, పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి ఆవిర్లని మళ్ళీ గాలి పీల్చే దారిలోకి పంపేది) మూసుకుపోయి ఉంటది. ఒకటి పట్టుకుని బాగుచేస్తే వచ్చే నెల ఇంకోటి, ప్రతిసారీ షెడ్డు చుట్టూ తిరగాలి. అరిగేవన్నీ ముందు కొత్తవి వేసెయ్, అప్పుడు మిగిలిందే అసలు జబ్బు. ఇంకో సంగతి, మీరు చూడమంటున్న ట్రిమ్ నంబర్లు పుట్టేదే ఆ ఆక్సిజన్ సెన్సర్ నుంచి. అదే ముసలిదైతే ఆ నంబర్లని ఎట్టా నమ్ముతారు?

గ్రీజుచేతులు:
మంచి పాయింటే, కానీ దానికీ టెస్ట్ ఉంది, ఐదు నిమిషాల పని. మామూలు నాలుగు వైర్ల జిర్కోనియా సెన్సర్ అయితే ఇంటేక్‌లోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, కొంచెం కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టు, సెన్సర్ వోల్టేజ్ ఠక్కున 0.8, 0.9కి ఎక్కాలి. ఏదైనా వాక్యూమ్ పైపు ఊడదీస్తే 0.1 దగ్గరికి పడాలి. చురుగ్గా ఎక్కి దిగితే సెన్సర్ బానే ఉన్నట్టు. బద్ధకంగా కదిలితే అప్పుడు మార్చు, నేనూ వద్దనను. నాలుగు పార్టులు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు, పైగా కొత్తదాన్లో ఒకటి డబ్బాలోంచే చెడ్డది వస్తే ఇక ఆ బండి సంగతి దేవుడికే తెలియాలి.

స్పానర్‌సెట్టు:
ఆగండి, స్ప్రే కొట్టేటప్పుడు ఒక జాగ్రత్త. వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే భగ్గుమంటది. లీకులు వెతకడానికి స్మోక్ మెషిన్ ఉన్న షెడ్డు చూసుకోవడం మేలు, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడే కన్నం.
ఇంకా ఈ లెక్కంతా మాఫ్ ఉన్న బండికే. మ్యాప్ సెన్సర్ (ఇంటేక్‌లో ప్రెజర్ కొలిచేది) మాత్రమే ఉన్న బండిలో లీకైన గాలి కూడా ప్రెజర్ రూపంలో ఈసీయూకి తెలిసిపోతది, పెట్రోల్ కూడా కలుపుతది, లీన్ కోడ్ రాకుండా ఐడ్లింగ్ పెరిగి కూర్చుంటది. ఇతని బండికి మాఫ్ ఉందన్నాడు కాబట్టి సరిపోయింది.

నాలుగోసిలిండర్:
అందరూ సెన్సర్ల దగ్గరే ఆగిపోయారు, ఇంజిన్ ఆరోగ్యం ఎవరు చూస్తారండీ? ఒక సిలిండర్ మంట పట్టకుండా మిస్ కొడుతుంటే కాలని గాలి అలాగే బయటికి పోయి ఆక్సిజన్ సెన్సర్ దాన్ని కూడా లీన్ అనే చెప్తుంది. పార్టులకి డబ్బులు పెట్టేముందు కంప్రెషన్, అంటే సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, కొలిపించండి. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్, స్పార్క్ కట్ చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్ల మధ్య తేడా 10, 15 శాతం దాటితే తక్కువ ఉన్నదాన్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం.

మార్చిపారేయ్:
కంప్రెషన్ కోసం ప్లగ్గులు ఎలాగూ పీకుతారు కదా మేడమ్, రెండు లక్షలు తిరిగిన ఆ పాతవే మళ్ళీ బిగిస్తారా?

నాలుగోసిలిండర్:
కొత్తవే బిగించుకోండి, ఎవరొద్దన్నారు. కాకపోతే పాతవాటి మొహం చూసి పారేయండి. ఒక్కటే నల్లగా ఆయిల్ పట్టి ఉంటే అది ఏ సిలిండర్‌దో రాసుకోండి. తీసేటప్పుడే వరసగా పెట్టుకోవాలి, అన్నీ ఒక డబ్బాలో పడేస్తే ఏది ఎక్కడిదో తెలీదు.

పాతబండోడు:
అందరికీ థాంక్స్, వేరే షెడ్డులో చూపించాను. ట్రిమ్ ఐడ్లింగ్‌లో +22, 2500లో +6. స్మోక్ పెడితే ఇంటేక్ కింద, కంటికి కనపడని చోట, పీసీవీ హోస్ వంపు దగ్గర చీలి ఉంది. చేత్తో వంచితే తప్ప చీలిక ఉన్నట్టే తెలియట్లా. హోస్ మార్చాక ఐడ్లింగ్ 750 దగ్గర నిలబడింది. కంప్రెషన్ కూడా తేడా పెద్దగా లేదు.

మార్చిపారేయ్:
చూశారా, నేను మొదటినుంచీ రబ్బరూ పీసీవీ అనే మొత్తుకుంటున్నా. నా మాట విని రబ్బరు పైపులన్నీ మార్చుంటే స్మోక్ మెషిన్ ఖర్చు కూడా ఉండేది కాదు.

గ్రీజుచేతులు:
మీరు చెప్పారు సరే, మెకానిక్ లిస్టులో ఆ హోస్ లేదుగా. ఆ లిస్టు ప్రకారం పోయుంటే సెన్సర్లూ కాయిల్సూ అన్నీ కొత్తవి, లైట్ మాత్రం వెలుగుతూనే ఉండేది.
తమ్ముడూ, కోడ్ ఇంకా క్లియర్ చేయకపోతే ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసి పెట్టుకో. లైట్ పడినప్పుడు ఇంజిన్ టెంపరేచర్ ఎంత, లోడ్ ఎంత అనేది అందులోనే ఉంటది, క్లియర్ కొడితే పోతది. తర్వాత కొన్ని రోజులు నడిపి ట్రిమ్ మళ్ళీ చూడు, ప్లస్ 5, 6 కన్నా దిగకపోతే మాఫ్‌ని మాఫ్ క్లీనర్‌తోనే కడుగు, కార్బ్ క్లీనర్ మాత్రం దాని మీద కొట్టకు.

మార్చిపారేయ్:
మాఫ్ కడిగేటప్పుడు పక్కనే ఉన్న ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చు. దానికీ టెస్ట్ చెయ్యమంటారేమో చూద్దాం.