త్యాంగిస్ అంటే సంతేనా? పిలోన్ అంటే కొసరేనా?

ప్రశ్న: మెక్సికోలో వారానికోసారి వీధిలో వెలిసే బజారును త్యాంగిస్ అంటారు. అక్కడికి కొత్తగా వెళ్లే తెలుగువాళ్ల కోసం చిన్న పదపట్టిక తయారవుతోంది. దీనికి సంత అని రాయాలా, అంగడి అనా? బేరంలో వినబడే ‘పిలోన్’కి తెలుగేమిటి?

మెక్సికో సిటీ నుంచి: సంత అనే రాయండి. అంగడి అంటే తెలంగాణలో వారపు సంతే గాని, నెల్లూరులోనూ సీమలోనూ కొట్టు. కప్పు కింద రోజూ నడిచే బజారుకు మెక్సికోలో ‘మెర్కాదో’ అని వేరే మాట ఉంది. త్యాంగిస్‌కి చోటు కంటే వారం ముఖ్యం: పొద్దున పట్టాలు కట్టి పరుస్తారు, సాయంత్రానికి వీధి మళ్లీ వీధే. టియాంగిస్ అని రాయకండి, స్పానిష్‌లో ఆ అక్షరం మన ‘త’. బహువచనంలోనూ మాట మారదు.

మూలం, అజ్టెక్కులనే పాత మెక్సికో జనం మాట్లాడిన నావాత్ల్ భాషలోని తియాంకిస్త్లి. స్పెయిన్ వాళ్లు రాకముందు చాలాచోట్ల సంత 5 రోజులకోసారి జరిగేది. ఓహాకా రాష్ట్రంలో మకుయిల్‌త్యాంగిస్ అనే ఊరుంది, మకుయిల్ అంటే 5. మన సంతబొమ్మాళి, సంతనూతలపాడు లాంటి పేరే. అజ్టెక్కులు కృత్తికా నక్షత్రాలనూ తియాంకిస్త్లి అనే పిలిచేవారు.

ఓహాకా నుంచి: ఇక్కడ వారాన్ని బట్టే ఊరు: ఎత్లా బుధవారం, సాచిలా గురువారం, ఒకోత్లాన్ శుక్రవారం, త్లకోలూలా ఆదివారం. పట్టికలో ‘మోంతోన్’ కూడా చేర్చండి. దానికి ‘కుప్ప’ కాదు, ‘పోగు’ సరైన మాట. నేలమీద గుడ్డ పరిచి, నాలుగైదు కాయలు పోగు పెట్టి, పోగుకింత అంటారు, కాటా ఉండదు. ఈ పోగులోది తీసి ఆ పోగులో పెడితే అమ్మే ఆమెకు చిర్రెత్తుతుంది. నచ్చిన పోగు మొత్తంగా తీసుకోవడమే.

ధర అడగడం మనకు తేలిక. ‘ఆ కోమో ఎల్ కీలో?’ అంటే అచ్చంగా ‘కిలో ఎట్లా?’. పావుకిలోకి ‘ఉన్ క్వార్తో’, అరకిలోకి ‘మేదియో’. పొద్దున్నే 500 పేసోల నోటు చాపితే చిల్లర ఉండదు, 20, 50 నోట్లు దగ్గర పెట్టుకోవాలి.

మెక్సికో సిటీ నుంచి: ఇక పిలోన్. కొసరే, సందేహం లేదు. పిలోన్ అంటే శంకువులా పోతపోసిన చక్కెర దిమ్మ అని కూడా అర్థం. ఇప్పటికీ మెక్సికో అచ్చుబెల్లాన్ని ‘పిలోన్సీయో’ అంటారు, అంటే చిట్టి పిలోన్. దక్షిణ అమెరికా కొండప్రాంతాల్లో ఇదే కొసరుకు ‘యాపా’ అంటారు, అది ఆ కొండల ఆదివాసుల భాష కెచువాలోని మాట.

కొత్తవాళ్లు బేరాన్నీ కొసరునూ కలిపేస్తారు. ధర తగ్గించడం ‘రెబాహా’. పిలోన్‌లో ధర తగ్గదు, సరుకే పెరుగుతుంది: ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు, కాస్త కొత్తిమీర. తూకమయ్యాక, సంచీలో పోశాక ‘ఇ మి పిలోన్?’ (మరి నా కొసరు?) అనాలి. ముందే అడిగితే తూకంలోనే సర్దేస్తారు. ధర తగ్గించుకుని మళ్లీ కొసరు అడగడం మాత్రం మర్యాద కాదు.

కరీంనగర్ నుంచి: మన మాటలో ఇంకో పొర ఉంది. ‘కొసరి కొసరి వడ్డించడం’లో పట్టుబట్టడం ఉంది. పిలోన్‌కి ఆ క్రియ ఉందా?

మెక్సికో సిటీ నుంచి: లేదు. అది నామవాచకంగానే నడుస్తుంది, ‘దార్ దె పిలోన్’ అంటే కొసరుగా ఇవ్వడం. ‘అసలు కన్నా కొసరు ముద్దు’లోని ముద్దు దానికి అంటదు.

గ్వాదలహారా నుంచి: పట్టికలో తప్పక ఉండాల్సింది టమాటా. ఎర్రటి పండు ఇక్కడా రాజధానిలోనూ ‘హితోమాతె’. ఉత్త ‘తోమాతె’ అంటే పొర కప్పుకున్న ఆకుపచ్చ కాయ చేతికొస్తుంది, పులుసు రుచే మారిపోతుంది. ఉత్తరాన మోంతెర్రేలో మాత్రం ఎర్రదాన్నే తోమాతె అంటారు.

ఆకుకూరల మొత్తానికి ‘కెలీతెస్’. అందులో ‘కింతోనీల్’ తోటకూర జాతి, ‘వెర్దోలాగా’ మన గంగవాయిలి కూర. ‘హమాయ్‌కా’ పేరుతో ఎండబెట్టి అమ్మే ఎర్రటివి ఎర్ర గోంగూర పువ్వు కింది రక్షకపత్రాలు. ఆకు కాదు కాబట్టి పచ్చడికి నేరుగా నూరితే పీచు తగులుతుంది. ఇసుక పోయేలా కడిగి, వేడినీళ్లలో మెత్తబడేదాకా నానబెట్టండి. పులుపంతా ఆ నీళ్లలోకి దిగుతుంది, పారబోయకండి. ఎండినవి తేలిక, పావుకిలోకే సంచీ నిండుతుంది.